పాత స్కానరు, కొత్త కంప్యూటరు: మధ్యలో తెగినది ఏమిటి?

పాత స్కానరును కొత్త కంప్యూటరుకు తగిలించినప్పుడు తెర మీద ఏ కదలికా లేకపోతే, "ఇది పోయింది, పాతసామాన్లవాడికి వేసేద్దాం" అని తేల్చేయడం మన ఇళ్ళలో పరిపాటి. నిజానికి ఇరవై ఏళ్ళ కిందటి ఫ్లాట్‌బెడ్ స్కానరులో చెడిపోవడానికి ఉన్న వస్తువులు చాలా తక్కువ. ఒక అద్దం, దాని కింద కదిలే ఒక కడ్డీ, ఆ కడ్డీని లాగే బెల్టు, చిన్న మోటారు, ఒక సర్క్యూట్ బోర్డు, అంతే. చాలా సందర్భాలలో ఇవన్నీ భేషుగ్గా పనిచేస్తూనే ఉంటాయి. పనిచేయనిది స్కానరు భాషను కంప్యూటరుకు వినిపించే దుబాసీ, అంటే డ్రైవరు. కాబట్టి ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: పోయినది యంత్రమా, డ్రైవరా? ఈ రెంటినీ విడదీసి చూడకుండా డ్రైవర్ల వేటలో పడినవారు రోజంతా పోగొట్టుకుంటారు.

మా ఇంట్లో ఉన్నది 2000ల తొలినాళ్ళ నాటి కెనాన్ లైడ్ 20. పలుచగా, పెద్ద అట్టల పుస్తకంలా ఉంటుంది. దీనికి విడిగా అడాప్టరు అక్కరలేదు, యూఎస్‌బీ తీగలో వచ్చే కరెంటే సరిపోతుంది. తాతగారి కాలపు దస్తావేజులు, మడతల దగ్గర చిరుగుపట్టిన ఇన్‌లాండ్ ఉత్తరాలు, పాత పత్రికల కత్తిరింపులు స్కాన్ చేయవలసి వచ్చినప్పుడు దీనిని అటక మీది నుంచి దించాను. ఫోనుతో ఫొటో తీసుకుంటే పోలేదా అని అడిగేవారికి నా సమాధానం ఇది: కరెంటు బిల్లుకైతే ఫోను చాలు, కానీ వెలిసిపోయిన సిరా, అంచుల దాకా వ్రాసిన ఉత్తరం, రబ్బరు ముద్ర వంటివి ఉన్న కాగితానికి సమానమైన వెలుతురు, సమతలమైన అద్దం కావాలి. ఫోను తీసిన బొమ్మలో ఒక మూల చీకటిగా, ఒక మూల సాగినట్టుగా ఉండి, పదేళ్ళ తరువాత చూసుకున్నప్పుడు మళ్ళీ తీయవలసిందే అనిపిస్తుంది. అప్పటికి ఆ కాగితం ఉంటుందన్న నమ్మకం లేదు.

ఇక అసలు చిక్కు. ఆ రోజులలో వచ్చిన స్కానర్ల డ్రైవర్లు విండోస్ 98, ఎంఈ, 2000, ఎక్స్‌పీ వంటి 32-బిట్ వ్యవస్థల కోసం వ్రాసినవి. ఇప్పటి విండోస్ 11కు ఆ 32-బిట్ రూపమే లేదు, ఉన్నది 64-బిట్ ఒక్కటే. (సమాచారాన్ని ఒక్కసారికి ఎంత వెడల్పున పట్టుకుంటుందో చెప్పే లెక్క అది.) 32-బిట్ మామూలు ప్రోగ్రాములు 64-బిట్ విండోస్ మీద నడుస్తాయి గాని, కెర్నెల్‌లో, అంటే వ్యవస్థకు గుండెకాయలాంటి లోపలి భాగంలో, చేరే 32-బిట్ డ్రైవర్లు నడవవు. కెర్నెల్‌లో చేరే ఏ ముక్కైనా ఆ కెర్నెల్‌తో సమానమైన బిట్ వెడల్పుతోనే తయారై ఉండాలి. దీనికి తోడు, 64-బిట్ విస్టా నుంచి కెర్నెల్ డ్రైవర్లకు డిజిటల్ సంతకం తప్పనిసరి అయింది. అప్పటికే అమ్మకాలు ఆగిపోయిన నమూనాలకు కొత్త డ్రైవరు వ్రాయించి, పరీక్షించి, సంతకం చేయించడం ఏ తయారీదారుకూ లాభసాటి పని కాదు. అందువల్ల ఒక తరం స్కానర్లన్నీ నిక్షేపంగా ఉండి కూడా ఒక్కసారిగా మూగబోయాయి. ఇందులో ఏ ఒక్క సంస్థనో తప్పుపట్టవలసిన పని లేదు. ఆ రంగమంతా అలాగే నడిచింది.

ఈ కారణం తెలిస్తే, అందరూ మొదట చేసే ఒక పని ఎందుకు వ్యర్థమో అర్థమవుతుంది. సీడీలోని సెటప్ ఫైలు మీద మౌసుతో కుడి నొక్కు నొక్కి, "కంపాటిబిలిటీ" అనే చోట ఎక్స్‌పీని ఎంచుకుంటారు. దానివల్ల ఇన్‌స్టాలరు తాను ఎక్స్‌పీలోనే ఉన్నాననుకుని ముందుకు సాగుతుంది గాని, చివరికి అది పెట్టబోయే డ్రైవరు 32-బిట్‌దే కాబట్టి ఫలితం మారదు. ఇంతకంటే ప్రమాదకరమైన సలహా మరొకటి ఉంది: డ్రైవర్ల సంతకం తనిఖీని ఆపివేయమనడం, విండోస్ సెక్యూరిటీలో కెర్నెల్‌ను హానికరమైన ప్రోగ్రాముల నుంచి కాపాడే "మెమరీ ఇంటెగ్రిటీ"ని తీసివేయమనడం. బ్యాంకు లావాదేవీలు చేసుకునే కంప్యూటరుకు ఒక పాత స్కానరు కోసం ఆ రక్షణ తీసేయడం నా దృష్టిలో ఏ విధంగానూ సమర్థనీయం కాదు. "మీ డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో" అని ఊరించే సైట్ల గురించి వేరే చెప్పనక్కరలేదు. తయారీదారు సొంత సైటులో దొరకని డ్రైవరు అక్కడ అసలు రూపంలో దొరుకుతుందనుకోవడం భ్రమ.

డ్రైవరు సంగతి అలా ఉంచి, ముందు యంత్రాన్ని చూడాలి. లైడ్ వరుస స్కానర్లకు, ఇంకా చాలా ఫ్లాట్‌బెడ్‌లకు, అడుగున ఒక తాళపు మీట ఉంటుంది. ప్రయాణంలో లోపలి కడ్డీ కదలకుండా ఆపడానికి దానిని పెట్టారు. స్కానరును బోర్లా తిప్పి చూస్తే తాళం బొమ్మలు కనిపిస్తాయి, మీటను తెరచిన తాళం వైపు జరపాలి. అటక మీద పెట్టేటప్పుడు ఎవరో జాగ్రత్తగా వేసిన ఆ తాళం సంగతి దించేటప్పటికి ఎవరికీ గుర్తుండదు. కడ్డీ కదలలేక గరగరమంటే గేర్లు అరిగిపోయాయని అనుకుంటారు. తరువాతిది తీగ. స్కానరు వైపు చతురస్రాకారపు మొన ఉండే ఆ తీగ పాత ప్రింటర్లకు వాడేదే కాబట్టి, ఇంట్లో మరొకటి ఉంటే మార్చి చూడడం తేలిక. మా దగ్గరి ఉక్క వాతావరణంలో ఆ మొనల లోపలి రేకులు నల్లబడుతుంటాయి; అద్దానికి లోపలి వైపున పొగమంచులాంటి పొర కూడా చేరుతుంది గాని, దాని వల్ల బొమ్మ మసకబారుతుందే తప్ప స్కానరు కంప్యూటరుకు కనిపించకుండా పోదు.

పోర్టు విషయంలో కొంచెం వివరంగా చెప్పాలి. తీగ నుంచే కరెంటు తీసుకునే స్కానర్లకు యూఎస్‌బీ 2.0 ప్రమాణం ప్రకారం దొరికేది గరిష్ఠంగా 500 మిల్లీ ఆంపియర్లు. సొంత కరెంటు లేని హబ్‌లో (ఒక పోర్టును పలు పోర్టులుగా చీల్చే పెట్టెలో), కీబోర్డు, మౌసు, పెన్‌డ్రైవ్ పక్కన దీనిని కూడా గుచ్చితే, కనిపించినట్టే కనిపించి మోటారు తిరగబోయే క్షణంలో మాయమవుతుంది. డెస్క్‌టాప్ అయితే వెనుక వైపున, నేరుగా మదర్‌బోర్డుకు ఉన్న పోర్టులో పెట్టాలి. దీనికి విరుద్ధమైన సందర్భం ఒకటి ఉంది. కొత్త యంత్రాలలోని యూఎస్‌బీ 3 కంట్రోలర్లు కొన్ని యూఎస్‌బీ 1.1 నాటి పరికరాలతో సరిగా పొసగవు. అటువంటప్పుడు సొంత అడాప్టరు ఉన్న యూఎస్‌బీ 2.0 హబ్‌ను మధ్యలో పెడితే పని జరుగుతుంది. నెమ్మది పరికరంతో మాట్లాడే పనిని అప్పుడు హబ్ తన నెత్తిన వేసుకుంటుంది. టైప్-సీ పోర్టులు మాత్రమే ఉన్న ల్యాప్‌టాప్ అయితే, పాత తరహా పోర్టుగా మార్చే చిన్న అడాప్టరు చాలు.

ఇవన్నీ సరిచూసుకున్న తరువాత నేను అందరికీ చెప్పే పరీక్ష ఒకటే: విండోస్‌ను ముట్టుకోకుండా, విండోస్‌కు బదులుగా నడిచే లైనక్స్ అనే ఉచిత వ్యవస్థ ఉన్న పెన్‌డ్రైవ్ నుంచి కంప్యూటరును లేపి చూడడం. 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద రూఫస్ వంటి ఉచిత ఉపకరణంతో లైనక్స్ మింట్‌ను వ్రాసుకుని, కంప్యూటరును మొదలుపెట్టేటప్పుడు బూట్ మెనూలో ఆ పెన్‌డ్రైవ్‌ను ఎంచుకుంటే, హార్డ్‌డిస్కులోని దేనినీ మార్చకుండా లైనక్స్ తెర వచ్చేస్తుంది. దీనికోసం సెక్యూర్ బూట్‌ను (నమ్మదగిన వ్యవస్థలనే లేవనిచ్చే రక్షణను) ఆపవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అనవసరంగా దానిని కెలికితే తరువాత విండోస్ బిట్‌లాకర్ (డిస్కుకు తాళం వేసే ఏర్పాటు) రికవరీ కీ అడిగి కంగారు పెట్టవచ్చు. లైనక్స్ తెర వచ్చాక స్కానరు తగిలించి, మెనూలో ఉన్న "డాక్యుమెంట్ స్కానర్" అనే ప్రోగ్రాము తెరిస్తే, అదృష్టం బాగుంటే అక్కడే స్కానరు పేరు కనిపిస్తుంది. డ్రైవరు సీడీ లేదు, ఇన్‌స్టాలరు లేదు, రీస్టార్టు లేదు.

కనిపించకపోతే టెర్మినల్, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీ, తెరవాలి. అక్కడ రెండు ఆదేశాలు ఉపయోగపడతాయి, వాటి మధ్య తేడా గమనించదగినది. "సేన్-ఫైండ్-స్కానర్" (sane-find-scanner) అనేది యూఎస్‌బీ తీగ చివర స్కానరులా కనిపించే పరికరం ఏదైనా ఉందా అని మాత్రమే చూస్తుంది. "స్కాన్‌ఇమేజ్" అని వ్రాసి, ఖాళీ వదిలి, హైఫన్, క్యాపిటల్ ఎల్ కొడితే (scanimage -L), ఆ పరికరాన్ని నడపగల డ్రైవరు తన దగ్గర ఉన్నదా లేదా చెబుతుంది. మొదటిదానికి కూడా కనిపించకపోతే లోపం తీగలోనో, పోర్టులోనో, స్కానరులోనో ఉన్నట్టు. మొదటిదానికి కనిపించి రెండవదానికి కనిపించకపోతే యంత్రం బతికే ఉన్నది, దుబాసీయే లేడు. నా లైడ్ 20 విషయంలో రెండవ ఆదేశమే "కెనాన్ కెనోస్కాన్ ఎన్670యూ/ఎన్676యూ/లైడ్20 ఫ్లాట్‌బెడ్ స్కానర్" అని వరుస ముద్రించింది. ఒకే కోవకు చెందిన మూడు నమూనాల పేర్లవి. ప్రివ్యూ నొక్కగానే కడ్డీ కాస్త వెనక్కి జరిగి, తెల్లటి పట్టీ కింద తన వెలుతురును సరిచూసుకుని, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎల్ఈడీలు వంతులవారీగా వెలుగుతుండగా కదిలింది.

లైనక్స్‌లో ఇది ఎలా సాధ్యమైందో చెప్పకపోతే మంత్రంలా అనిపిస్తుంది. అక్కడ స్కానర్ల పని చూసేది సేన్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. అందులో ఒక్కొక్క స్కానర్ల కుటుంబానికి ఒక్కొక్క "బ్యాకెండ్" ఉంటుంది. బయటి పెట్టె మీద ఎవరి పేరున్నా, లోపల ఉన్న నియంత్రణ చిప్పులు కొన్ని రకాలే కాబట్టి, ఒక చిప్పును అర్థం చేసుకుంటే పలు కంపెనీల స్కానర్లు ఒకేసారి దారికి వస్తాయి. లైడ్ 20లో ఉన్నది నేషనల్ సెమీకండక్టర్ వారి ఎల్ఎం983 వరుస చిప్పు. అందుకే కెనాన్ స్కానరును నడిపే బ్యాకెండ్ పేరు "ప్లస్‌టెక్" అని వేరే కంపెనీ పేరుతో ఉంటుంది. దాని తరువాతి లైడ్ నమూనాలు చాలావరకు "జెనెసిస్" అనే బ్యాకెండ్ కిందికి వస్తాయి. పైగా ఈ బ్యాకెండ్లు కెర్నెల్‌లో కూర్చోవు, మామూలు ప్రోగ్రాముల్లా నడుస్తాయి. వాటి మూలపాఠం బహిరంగంగా ఉన్నది కనుక 64-బిట్ కంప్యూటర్లు వచ్చినప్పుడు ఎవరి అనుమతీ అవసరం లేకుండా తిరిగి కంపైల్ చేసుకున్నారు.

అలాగని ప్రతి స్కానరూ అక్కడ నడుస్తుందని కాదు. సేన్ వారి జాబితాలో ప్రతి నమూనా పక్కన అది పూర్తిగా పనిచేస్తుందా, ఓ మోస్తరుగానా, అసలు పనిచేయదా అన్నది వ్రాసి ఉంటుంది. కొనేముందు, పారేసేముందు కూడా దానిని చూడడం మంచిది. మస్టెక్ బేర్‌పా వంటి కొన్ని స్కానర్లకు వాటి లోపలి ప్రోగ్రామును తగిలించిన ప్రతిసారీ కంప్యూటరే ఎక్కించాలి, ఆ చిన్న ఫర్మ్‌వేర్ ఫైలు స్కానరుతో వచ్చిన సీడీలోనే ఉంటుంది. విండోస్‌లో పనికిరాని సీడీ లైనక్స్‌లో పనికివచ్చే సందర్భం ఇది. సీడీ డ్రైవు ఉన్న కంప్యూటరు ఇంకా ఎవరి దగ్గరైనా ఉండగానే ఆ సీడీని ఒక ఫైలుగా కాపీ చేసి ఉంచుకోవాలి.

స్కానరు బతికే ఉన్నదని తేలిన తరువాత, దానిని రోజూ ఎలా వాడుకోవాలన్నది మీ అలవాటును బట్టి ఉంటుంది. నాకు నచ్చిన ఏర్పాటు, విండోస్ 11కు అర్హత లేక మూల పడిన పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ పెట్టి, దానిని స్కానరుకే కేటాయించడం. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ముగిసిన తరువాత అటువంటి ల్యాప్‌టాప్‌లు లేని ఇల్లు తక్కువ. స్కాన్ చేసినవి ఇంటి నెట్‌వర్కులో ఒక ఫోల్డరులో పడేటట్టు చేస్తే, కొత్త కంప్యూటరుకు స్కానరుతో నేరుగా సంబంధమే ఉండదు. ఇంకొంచెం ఓపిక ఉన్నవారు ఎయిర్‌సేన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే, ఈ ముసలి స్కానరు ఇంట్లోని మిగతా పరికరాలకు కొత్త వైఫై స్కానరులా కనబడుతుంది. విండోస్ 11 కూడా దానిని విడిగా డ్రైవరు లేకుండానే గుర్తిస్తుంది. ల్యాప్‌టాప్‌కు బదులు రాస్ప్‌బెర్రీ పై వంటి చిన్న బోర్డు ఉన్నా సరిపోతుంది.

రెండో యంత్రం లేనివారికి వర్చువల్‌బాక్స్ దారి ఉంది. విండోస్ 11 లోపలే ఒక కిటికీలో లైనక్స్‌ను గాని, సీడీ, దాని కీ భద్రంగా ఉంటే ఎక్స్‌పీని గాని నడిపి, డివైసెస్ మెనూలోని యూఎస్‌బీ జాబితాలో స్కానరును టిక్ చేస్తే, అది బయటి విండోస్ నుంచి విడివడి లోపలి వ్యవస్థ చేతికి వెళుతుంది. ఎక్స్‌పీకి 512 ఎంబీ మెమరీ ఇస్తే చాలు. అయితే దానికి 2014 ఏప్రిల్ 8నే మద్దతు ఆగిపోయింది కాబట్టి నెట్‌వర్కు కార్డును తీసేసి, బొమ్మలను షేర్డ్ ఫోల్డరు ద్వారా మాత్రమే బయటికి తెచ్చుకోవాలి. స్కానరు సేన్ జాబితాలో లేనప్పుడు, ఎక్స్‌పీ డ్రైవరు తప్ప గతిలేనప్పుడు ఇదే ఉత్తమమైన మార్గం. జాబితాలో ఉంటే మాత్రం నేను లోపల లైనక్స్‌నే పెడతాను.

డబ్బు పెట్టి తలనొప్పి తగ్గించుకుందామనుకునేవారికి వ్యూస్కాన్ ఉంది. హామ్రిక్ సాఫ్ట్‌వేర్ వారు 1998 నుంచి నడుపుతున్న ఈ ప్రోగ్రాములో వేలకొద్దీ స్కానర్లకు సొంత డ్రైవర్లు ఉన్నాయి. కొనకముందు పరీక్షించుకోవచ్చు, బొమ్మ మీద డాలరు గుర్తులు పడతాయి గాని స్కానరు పనిచేస్తున్నదో లేదో తెలిసిపోతుంది. కొత్త ఫ్లాట్‌బెడ్ ధరతో పోల్చి చూసుకుని నిర్ణయించుకోవాలి. మామూలు ఏ4 స్కానరు కోసం కొనడం కంటే, ఫిల్ము నెగటివ్‌లు తీయగల ఖరీదైన పాత స్కానరు ఉన్నవారు కొనడంలో అర్థం ఉంది.

డ్రైవరు చక్కగా ఎక్కి కూడా ప్రోగ్రాములో స్కానరు కనిపించని సందర్భం మరొకటి ఉంది. అక్కడ అడ్డుపడేది ప్రోగ్రాములు స్కానరుతో మాట్లాడే పద్ధతి, అంటే ట్వైన్ ప్రమాణం. 32-బిట్ ట్వైన్ డ్రైవరును 64-బిట్ ప్రోగ్రాము నేరుగా పిలవలేదు. ఒకే కంప్యూటరులో ఒక ప్రోగ్రాములో స్కానరు కనిపించి మరొక ప్రోగ్రాములో కనిపించకపోవడానికి తరచుగా ఇదే కారణం. ఇర్ఫాన్‌వ్యూ 32-బిట్ రూపాన్ని గాని, 32-బిట్ సహాయకుడిని తనతోనే తెచ్చుకునే న్యాప్స్2ను గాని వాడితే ఈ అడ్డంకి తొలగుతుంది. న్యాప్స్2లో తెలుగు అక్షరాలను గుర్తించే టెసరాక్ట్ భాషాఫైలును కూడా దించుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పినది యూఎస్‌బీ స్కానర్ల గురించి. అంతకు ముందువి, అంటే ప్రింటరు పోర్టుకు తగిలించే ప్యారలల్ స్కానర్లు, స్కజ్జీ అనే విడి కార్డును కంప్యూటరులో పెడితే గాని పనిచేయనివి మీ దగ్గర ఉంటే, వాటిని వదిలేయమనే నా సలహా. బజారులో దొరికే యూఎస్‌బీ-ప్యారలల్ తీగ ప్రింటర్లకు మాత్రమే పనికివస్తుంది. స్కానరుకు కావలసిన రెండువైపుల సంభాషణను అది మోయలేదు, కాబట్టి ఆ తీగ కొనడం డబ్బు దండగ. నిజమైన ప్యారలల్ పోర్టు ఉన్న పాత డెస్క్‌టాప్ ఉన్నవారు మాత్రం లైనక్స్‌తో ప్రయత్నించవచ్చు.

వేగం గురించి ముందే తెలుసుకుని మొదలుపెడితే నిరాశ ఉండదు. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) ఒక ఏ4 పేజీ అంటే 2480 నిలువు వరుసలు, 3508 అడ్డు వరుసలు, సుమారు 87 లక్షల చుక్కలు. రంగులలో ఒక్కొక్క చుక్కకు మూడు బైట్లు కాబట్టి 26 ఎంబీ. లైడ్ 20 వంటివి వాడే యూఎస్‌బీ 1.1 సెకనుకు 12 మెగాబిట్ల తీగ, ఆచరణలో సెకనుకు ఒక ఎంబీ దాటితే గొప్ప. అందువల్ల పేజీకి అరనిమిషం, 600 డీపీఐ అయితే నాలుగింతల డేటా కనుక రెండు నిమిషాల దాకా పడుతుంది. ముద్రిత పాఠానికి 300 డీపీఐ గ్రేస్కేల్ (బూడిద ఛాయలన్నీ ఉండే మోడ్) చాలు, పేజీకి పది సెకన్ల పనే. నలుపు-తెలుపు మోడ్‌కు మాత్రం పోవద్దు. పాత సీసపు అచ్చులలో సన్నటి సున్నాలు, వత్తుల తోకలు దానిలో తెగిపోయి, తరువాత ఏ సాఫ్ట్‌వేర్ చదవబోయినా తప్పులే వస్తాయి.

దస్తావేజుల విషయంలో తీగలతోనూ డ్రైవర్లతోనూ సంబంధం లేని ఇబ్బంది ఒకటి మిగిలింది. స్కానరు అద్దం ఏ4 పొడవు, అంటే 297 మిల్లీమీటర్లే. పాత స్టాంపు కాగితం అంతకంటే పొడవు. అడుగున ఉండే సంతకాలు, సాక్షుల పేర్లు సరిగ్గా అద్దం దాటిన చోట పడతాయి. పై భాగం ఒకసారి, కాగితాన్ని తలకిందులుగా తిప్పి కింది భాగం మరొకసారి తీసి, మధ్యలో నాలుగైదు వరుసలు రెండింటిలోనూ వచ్చేటట్టు చూసుకుని, జింప్ అనే బొమ్మలు దిద్దే ప్రోగ్రాములో అతికిస్తున్నాను. అద్దం అంచున ఎత్తైన గట్టు లేని వైపు నుంచి కాగితాన్ని బయటికి వదిలితే మడత పడదు. లైడ్ వరుసలోని సెన్సారుకు అద్దానికి ఆనుకున్నదే స్పష్టంగా కనిపిస్తుంది కనుక, ముడతలున్న కాగితం మీద మూత వేసి, పైన ఒక బరువైన నిఘంటువు పెట్టవలసి వస్తోంది.